బండి విడిచిన గాలి

అది కాదే మనవరాలా, గాలి అనే రాయి. దెయ్యం అని రాశావంటే కథంతా చెడుతుంది. బాజీ నోట్లోంచి ఊడిపడిందీ గాలే, నరసరాజు మోసుకొచ్చిందీ గాలే. మాట ఒకటే. ఎవరి మనసులో ఏముందన్నదే తేడా. పత్రికవాళ్ళు దిద్దబోతే తాతయ్య వద్దన్నాడని పైన ఓ ముక్క రాసి పెట్టు. ఆ, రాసుకో.

కిందటి వారం ఎక్కడ వొదిలాం? తాడేపల్లిగూడెంలో పాపారావు షావుకారి బట్టల కొట్టు ముందు వాళ్ళ చిన్న లారీ నీరసించి పడుంది. అదే, తానులు వేసుకుని సంతలకి తిరిగే బండి. దానికి ముందు ఆ బండే పెదపాడు వెళ్ళి చిన్నకోడలు కాంతాన్ని పుట్టింటి నించి తీసుకొచ్చింది. కాంతం తొలికాన్పుకి వెళ్ళిన పిల్ల. పుట్టినవాణ్ణి పురిట్లోనే పోగొట్టుకుని ఒట్టి చేతుల్తో తిరిగొచ్చింది. వొచ్చిన దగ్గర్నించీ కంచం ముందు కూచుంటుంది గానీ మెతుకు ముట్టదు. పిలిస్తే పలకదు. మొగుడు కృష్ణమోహన్, పాపారావు తమ్ముడు, చూస్తే సరుకు కోసం చెన్నపట్నం వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. వొచ్చే దారిలో కొల్లేటి గట్టు మీద బండి ఆగిందన్నారు. ఆ రోజు నించీ బండి లాగదు, పిల్ల మాట్లాడదు.

డ్రైవరు నరసరాజు ఏలూరు వెళ్ళి బాజీని అడిగాడు. మోటార్లు బాగుచేసే బాజీ, షెడ్డు ఉన్నాయన. అప్పుడతను ఎవరిదో బండి కింద దూరి ఉన్నాడు. లారీ పడే ఆయాసమంతా నరసరాజు నోట విని, కింద నించే, గాలి పట్టింది రాజుగారూ, అది పోతే గానీ లాగదు, మంగళవారం వొస్తాను అన్నాడు. నరసరాజు జట్కా తోలి తోలి మోటారుకి మారిన మనిషి. పగ్గాల బదులు చేతిలోకి చక్రం వొచ్చిందంతే, లోపలి సంగతి ఎరగడు. ఆ మాట అలాగే పట్టుకొచ్చి షావుకారి తల్లి జగదాంబ చెవిన వేశాడు. ఆవిడ బండి కేసి చూసింది. కోడలి కేసి చూసింది. పెంటపాడు భూతవైద్యుడికి కబురు పెట్టింది.

ఇదిగో, ఆ మంగళవారం.

బాజీ రైలు దిగి, పానాల సంచీ భుజాన వేసుకుని బజారు వీధి మలుపు తిరిగాడు. బండి కనపడింది గానీ గుర్తుపట్టలేకపోయాడు. రేడియేటరుకి వేపమండలు కట్టారు. ముందు దీపాలకి పసుపు రాసి బొట్లు పెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు. పెళ్ళికి తయారుచేశారో పాడె కట్టారో తెలియకుండా ఉంది. కొట్టు పక్కనే వాళ్ళ ఇల్లు, ఇంటి అరుగు మీద బట్టతలాయన ఒకడు, ఆ పెంటపాడు ఆయనే, కుంపటి రాజేసుకుంటున్నాడు. పక్కన చేటలో ఎండుమిరపకాయలు.

మిరపకాయలు చూసేసరికి బాజీ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

ఎందుకూ అంటే, బాజీకి ఆబిదా అని చెల్లెలుంది. చిన్నప్పుడు దానికి గాలి సోకిందని చుట్టాలందరూ చేరి, గదిలో పెట్టి, మిరపకాయల పొగ వేశారు. తల్లి మరియంబీ తలుపు బయట నించుని వద్దనలేకా, లోపలికి పోలేకా, పైట నోట్లో కుక్కుకుంది. ఆబిదా బతికింది. పెళ్ళయింది, పిల్లల తల్లయింది. ఇవాళ్టికీ ఎవరింట్లోనైనా తాలింపులో మిరపకాయ మాడితే లేచి వెళ్ళి గోడకి ఒదిగిపోతుంది. అలాగని బాజీ, గాలీ లేదు ధూళీ లేదు అనే రకం కాదులే. ఉంటే ఉండొచ్చు అనే అంటాడు. మునిమాపు వేళ శ్మశానం పక్కగా పొమ్మంటే చుట్టూ తిరిగి పోతాడు. గాలి సంగతి ఏవో గానీ, పొగ సంగతి అతనికి తెలుసు.

నరసరాజు ఎదురొచ్చి సంచీ అందుకున్నాడు. అమ్మగారు ఇలా పిలిపించారు, చిన్నమ్మగారికి ఇలా చేయిస్తున్నారు, అంతా నువ్వన్న మాట మీదే అని గొణిగినట్టు చెప్పాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు చూడు, అది.

జగదాంబ గడపలోకి వొచ్చింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు, అదీ రాసుకో. కోడలికి తనే తలంటేది. ముద్దలు చేసి నోటికందించేది. పోయిన పసిగుడ్డు ఆవిడ వంశానికి మొదటి మొలక. కోడలు కూడా చెయ్యి జారిపోతుందేవో అన్న భయం ఆవిణ్ణి పట్టుకుని ఊపేస్తోంది.

"నువ్వే కదయ్యా చెప్పావు, గాలి పట్టిందని" అంది.

"అన్నానండి అమ్మగారూ. ఆ గాలి కాదండి నేనన్నది, ఈ గాలి" అని విసనకర్ర విసిరినట్టు చెయ్యి ఆడించి చూపించాడు.

"ఏ గాలైనా కంటికి కనపడుద్దా ఏవిటయ్యా?"

బాజీ ఇక ఆ అరుగు కిందే నించుని, తనకి తెలిసినట్టు చెప్పుకొచ్చాడు. ఇంజను కూడా ఊపిరి పీలుస్తుందండి, పెట్రోలూ గాలీ కలిపి ఒక గొట్టంలోంచి పీలుస్తుంది. ఆ గొట్టం ఇంజనుకి అతుక్కునే చోట మధ్యలో అట్టముక్కలాంటిది ఉంటుంది, గాస్కెట్టు అంటారు. అది కాలిపోతే సందులోంచి ఉత్త గాలి లోపలికి పోతుంది. చిన్నప్పుడు బొప్పాయి కాడతో మజ్జిగ తాగుంటారు కదండీ, కాడకి చీలికుంటే ఎంత పీల్చినా నోట్లోకి గాలే వొస్తుంది గానీ మజ్జిగ రాదు. అదండీ దీని జబ్బు, అన్నాడు.

పాపారావు కొట్లోంచి వొచ్చి అంతా విన్నాడు. లెక్క తెలిసిన షావుకారు. తల్లిని కాదనలేడు, బాజీని తోసెయ్యలేడు. "సరేనయ్యా, చూపించు. కంటికి కనపడేట్టు చూపించు" అన్నాడు.

బాజీ బానెట్టు పక్క రేకు ఎత్తాడు. నరసరాజుని హేండిలు తిప్పమన్నాడు. బండి దగ్గింది, చీదింది, ఎలాగో అందుకుంది. అందుకున్నాక ఆ అతుకు దగ్గర్నించి బుస్సుమని సన్నటి చప్పుడు. వీధిలో జనం చేరారు. నిప్పూ పెట్రోలూ దగ్గర దగ్గర ఉండకూడదని బాజీకి తెలుసు. అయినా ఏం చేస్తాడు? పెంటపాడు ఆయన పళ్ళెంలోంచి వెలిగించిన ఊదొత్తి ఒకటి అడిగి తీసుకుని, చెయ్యి చాచి, నిప్పు ఎడంగా ఉంచి, పొగ మాత్రం అటు వొదిలాడు. పొగ నెమ్మదిగా పైకి లేచింది. లేచిందల్లా వొంగింది. వొంగి, దారంలాగా సాగి, ఆ సందులోకి జరజరా పోయింది.

అదిగోండి, చూశారా, అన్నాడు బాజీ. గెలిచాననుకున్నాడు పాపం.

జనం ఒక్క అంగ వెనక్కి వేశారు. ఎవరో ఆడమనిషి, తాగేస్తోందే, అంది.

పెంటపాడు ఆయన అరుగు దిగి వొచ్చి బండికి దణ్ణం పెట్టాడు. నెమ్మదైన గొంతాయనది. "ధూపం ఎవరు తాగుతారమ్మా? ఇనపముక్క తాగుద్దా?" అన్నాడు.

పాపారావు తన బండికి తనే దూరం జరిగాడు. జగదాంబ కళ్ళ నీళ్ళు తిరిగాయి. గాలి కంటికి కనపడదని ఇందాక అన్నదా, ఇప్పుడు కనపడింది. చూపించింది ఎవరూ అంటే బాజీయే.

అతనికి ఒక్క దారే తోచింది. బాగుచేసి పారేస్తాను, బండి మామూలుగా తిరిగితే ఇక ఈ కుంపటీ అదీ దేనికండీ అన్నాడు. జగదాంబేమో, బండిలోంచి పోయిందని ఈ కళ్ళతో చూడాలయ్యా, అంది. ఆ మాట బాజీ ఒప్పుదలగా తీసుకున్నాడు. పొరబడ్డది అక్కడే. పోతే ఏం చేస్తానన్నది ఆవిడ చెప్పలేదు.

ఇంజను ఆపి, చల్లారనిచ్చి, పని మొదలెట్టాడు. ఆ బండి నిలబెట్టిన చోటికి ఇంటి కిటికీ ఒకటి ఆనుకుని ఉంది. ఊచల వెనకాల కాంతం కూచునుంది. బాజీ తలెత్తి చూడలేదు, షావుకార్ల ఇంటి ఆడపిల్ల కేసి చూడ్డం మర్యాద కాదు. చీర అంచు మాత్రం కంటికి ఆనుతోంది. మరలు బిగుసుకుపోయాయి. కిరసనాయిలు చుక్కలు వేసి, కాస్త ఆగి, పానాతో మెల్లిగా కదిపాడు. గొట్టం ఊడొచ్చింది. గాస్కెట్టు ఒక పక్క నల్లగా మాడి చీలింది. ఇదెలా ఇంత మాడిందీ అని అతనికే ఆశ్చర్యం వేసింది. దార్లో పోయే బండికి గాలి తగుల్తూ ఉంటుంది, ఇంతలా మాడదు. దాన్ని తీసుకెళ్ళి జగదాంబకి చూపించాడు, అట్టముక్కేనండీ, ఇంకేం లేదండీ అని. ఆవిడ చూసి, నల్లగా కాలింది కదయ్యా, అంది. పెంటపాడు ఆయన చెయ్యి చాచి దాన్ని అందుకుని, నిమ్మకాయల పక్కన పళ్ళెంలో పెట్టుకున్నాడు. దీంతో పనుంది, అన్నాడు.

ఏం చూపించినా ఎదురొస్తోంది. ఇక మాటలు వొద్దనుకున్నాడు బాజీ.

కొట్లో తానులు చుట్టే అట్ట ఒకటి కావాలన్నాడు. మల్లుగుడ్డ తాను విప్పి పాపారావే తెచ్చి ఇచ్చాడు. ఇంజనుకి గొట్టం ఆనే ముఖాన్ని గీకి, తుడిచి, మళ్ళీ గీకి నున్నగా చేసుకున్నాడు. అట్టని దాని మీద ఆనించి చిన్న సుత్తితో అంచు వెంబడే టకటకా తడుతూ పోయాడు. ఆ ఇనప అంచే కత్తెర. ఎక్కడ తడితే అక్కడ అట్ట తెగి, కింద ఆకారం పైకి తేలుతుంది. అతుకు పట్టడానికి పాలిషు లక్క పల్చగా రాశాడు. ఎక్కువైతే కారి లోపల పడుతుంది, తక్కువైతే మళ్ళీ సందు. చెయ్యి తొందరపడుతోంది, కుంపట్లో బొగ్గు చిటపటలాడినప్పుడల్లా ఇంకా తొందర.

అప్పుడు కిటికీ లోంచి గొంతు వినపడింది. చాలా రోజులు వాడక తుప్పు పట్టిన గొంతు.

"తొందరేం లేదన్నయ్యా. మెల్లిగా చెయ్యి."

బాజీ ఉలిక్కిపడ్డాడు. ఈ పిల్ల మాట్లాడదన్నారే అనుకున్నాడు. ఎండలో పనిచేస్తున్న మనిషి మీద జాలిపడి అందేవోలే అనుకుని, అయిపోయిందమ్మా, ఇదిగో అయిపోయింది, అన్నాడు. అని ఇంకాస్త జోరు పెంచాడు. ఊచ పట్టుకున్న ఆవిడ వేళ్ళు తెల్లబడ్డాయి.

గొట్టం ఎక్కించి మరలు బిగించాడు. నడిమిది కొంచెం, చివరవి కొంచెం, మళ్ళీ నడిమిది. ఒక్కసారే బిగిస్తే కొత్త అట్ట నలిగిపోతుంది. నరసరాజు హేండిలు తిప్పాడు.

తిప్పీ తిప్పకుండా అందుకుంది, అతను ఎక్కి చక్రం ముందు కూచున్నాడు. కుట్టుమిషను నడిచినట్టు నడిచింది. చీదడం లేదు, బుస లేదు. బాజీ ఊదొత్తి పట్టాడు. పొగ తిన్నగా, నిటారుగా, గుడి ముందు ధ్వజస్తంభంలా పైకి పోయింది. వీధిలో జనం అమ్మయ్య అన్నారు. పాపారావు మొహం విప్పారింది. జగదాంబ చేతులు జోడించి, లోపలికి వెళ్ళి, బయటివాళ్ళకని విడిగా ఉంచే ఇత్తడి గ్లాసులో మజ్జిగ తెచ్చి అరుగు చివర పెట్టింది. నీ చెయ్యి చల్లగుండా నాయనా, అంది. బాజీ గ్లాసెత్తాడు. అలసట అప్పుడు తెలిసింది.

సగం తాగాడో లేదో, పెంటపాడు ఆయన గొంతు సవరించుకున్నాడు.

"పోయింది తల్లీ. మీరే చూశారు. మరి ఇక్కణ్ణించి పోయింది ఎటు పోయినట్టు?"

ఇంజను మెత్తగా తిరుగుతోంది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు తలలు తిప్పారు, కిటికీ వైపు. ఆయన ఒక చేత్తో చేట ఎత్తుకుని, ఒక చేత్తో పళ్ళెంలోంచి ఆ మాడిన గాస్కెట్టు ముక్క తీసుకున్నాడు. గది తలుపులు వెయ్యండమ్మా, అన్నాడు.

బాజీ గ్లాసు నోటి దగ్గర్నించి దించాడు. మెల్లిగా చెయ్యమని ఎందుకందో అప్పుడర్థమైంది. బండి పాడై ఉన్నంతసేపూ గాలి బండిలో ఉంది. బాగైతే ఇంకెక్కడుంటుంది? ఆ పిల్ల లెక్క వేసుకుంది, తను వేసుకోలేదు. తన చేత్తో తనే దాన్ని ఆవిడ మీదికి తోలాడు.

తలుపు వెయ్యకముందే కాంతం బయటికొచ్చింది. తల మీద కొంగు సర్దుకుంది. వీధి జనం ముందుకి ఆ ఇంటి కోడలు ఎప్పుడూ రాలేదు.

"అత్తయ్యగారూ, ఆ రోజు గట్టు మీద బండి ఆగిపోలేదండి. నేనే ఆపమన్నాను. బాబుని ఎక్కడ పెట్టారో మా అమ్మ చెప్పింది. దిగి అక్కడ కూచున్నాను. చీకటి పడేదాకా."

నరసరాజు తల వొంచుకున్నాడు. ఇంజను ఆపితే మునిమాపు వేళ మళ్ళీ అందుకోదేవోనని, ఆవిడ కూచున్నంతసేపూ నిలబడ్డచోటే తిప్పుతూ ఉంచానని గొణిగాడు. రేడియేటరు మరిగి పొంగిందని కూడా అన్నాడు. బాజీకి గాస్కెట్టు ఎందుకలా మాడిందో తెలిసిపోయింది. గట్టు మీద నిలబడి నిలబడి, వేడెక్కి మాడింది. ఆ పిల్ల దుఃఖం ఎంతసేపో ఆ అట్టముక్క అంతసేపు కాలింది. కానీ ఆ మాట ఇప్పుడెవరికి చెప్తాడు?

"నాకు గాలి లేదండి" అంది కాంతం. "ఏడుపుంది. దీపాలు పెట్టే ఇంట్లో ఏడవకూడదన్నారు కదా, అందుకని మింగాను."

జగదాంబ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ విన్నది ఏడుపు మాట కాదు. "అసురసంధ్య వేళ, పసిగుడ్డుని పెట్టిన చోట కూచున్నావా నా తల్లీ?" అంది. అంటూ ఏడుస్తూనే కోడలి మణికట్టు పట్టుకుంది, ప్రేమగానే, గట్టిగా. పెంటపాడు ఆయన తల పంకించాడు. కుంపట్లో మొదటి మిరపకాయ పడింది. ఘాటు సర్రున వీధిలోకొచ్చింది. జనం దగ్గారు.

ఆ దగ్గులో కాంతం చెయ్యి విడిపించుకుంది. బండి తలుపు తీసి ఎక్కి కూచుంది. పెదపాడు పోనివ్వండి రాజుగారూ, అంది.

నరసరాజు చక్రం ముందే కూచునున్నాడు. షావుకారి కేసి చూశాడు, అమ్మగారి కేసి చూశాడు. ఆ ఇంటి ఉప్పు తిన్న మనిషి. మెల్లిగా దిగి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని పక్కకి నించున్నాడు. బండి నడుస్తూ ఉంది, తోలేవాడి చోటు ఖాళీ.

బాజీకి ఇంజను పేగులు లెక్కపెట్టడం వొచ్చు గానీ తోలడం రాదు. షెడ్డులో ముందుకీ వెనక్కీ జరపడమే, రోడ్డెక్కించి ఎరగడు. ఒక సాయిబు, షావుకారి కోడల్ని పట్టపగలు బండిలో వేసుకుపోయాడంటే ఇక ఏలూరులో షెడ్డుండదు, తాడేపల్లిగూడెంలో మొహం ఉండదు, అసలు ప్రాణం ఉంటుందో లేదో. ఇదంతా అతనికి తెలుసు. ముక్కులోకి ఆ పొగ వెళ్తోంది. గోడకి ఒదిగి కూచున్న ఆబిదా కనపడుతోంది. తలుపు బయట, పైట నోట్లో కుక్కుకుని, తల్లి.

మజ్జిగ గ్లాసు అరుగు మీద బోర్లించి పెట్టాడు. వెళ్ళి ఆ ఖాళీ చోట కూచున్నాడు.

కాంతం అతని కేసి చూడలేదు. ముందుకే చూస్తూ, "ఇప్పుడు తొందరపడన్నయ్యా" అంది.

అతను గేరు కోసం చెయ్యి పెట్టి తలెత్తేసరికి, వేపమండలు కట్టిన రేడియేటరు ముందు, రెండు చేతులూ బానెట్టు మీద ఆనించి, జగదాంబ నించునుంది.

కలం మూసెయ్యమ్మా, మిగతాది వొచ్చే వారం. గొంతు ఎండిపోయింది. పోస్టులో వేసే ముందు ఇదంతా అత్తిలి వెళ్ళి మీ పెద్దత్తకి చదివి వినిపించు. దాని కోడలు పురుడు పోసుకున్న దగ్గర్నించీ సరిగ్గా తినట్లేదనీ, ఎవర్నో పిలిపిస్తున్నారనీ విన్నాను. నేను చదవమన్నానని చెప్పకు. కోడలు కూడా వినేట్టు, కాస్త గట్టిగా చదువు.